జబ్బుపడిన మూగజీవికి సేవ చేస్తూ మీరు కుంగిపోకుండా ఉండాలంటే: సమగ్ర మార్గదర్శి

ఇంట్లో కుక్కకు కిడ్నీలు పాడయ్యాయని తేలుతుంది. బండి గుద్దడంతో నడుం పడిపోయిన పిల్లికి పూటపూటా పొట్ట నొక్కి మూత్రం తీయించాల్సి వస్తుంది. పాకలో పడుకున్న గేదె ఇక లేవదు. ఏ మందు వేయాలి, ఎంత వేయాలి అని చెప్పడానికి డాక్టర్ ఉంటాడు. ఆ మందు పట్టుకుని అర్ధరాత్రి దాని పక్కన కూర్చునే మనిషి ఎలా ఉన్నాడని మాత్రం ఎవరూ అడగరు. ఈ వ్యాసం ఆ మనిషి కోసం.

నా అభిప్రాయం ముందే చెప్తాను. సేవ చేసేవాళ్లను పని అలసట కన్నా తెగని ప్రశ్నలే ఎక్కువగా కుంగదీస్తాయి. ఇంకెన్నాళ్లు? ఇంకెంత ఖర్చు? దానికి నొప్పిగా ఉందేమో? నేను సరిగ్గా చూసుకుంటున్నానా? ఇవి రోజంతా బుర్రలో తిరుగుతుంటే రెండు నిమిషాల పని కూడా తలకు మించిన భారంగా తోస్తుంది. అందుకే కింది మెట్లలో చాలావరకు ఆ ప్రశ్నలను ఒక్కొక్కటిగా తేల్చుకోవడం గురించే ఉంటాయి.

ముందుగా: ఇది మీ ఒక్కరికే వచ్చిన కష్టం కాదు

మంచం పట్టిన మనుషులకు సేవ చేసేవాళ్ల మీద ఎంత భారం పడుతుందో కొలవడానికి 1980లోనే ఒక ప్రశ్నావళి వచ్చింది. అమెరికాలోని కెంట్ స్టేట్ యూనివర్సిటీకి చెందిన మేరీ బెత్ స్పిట్జ్‌నేగెల్ బృందం దాన్నే కొంచెం మార్చి, పెంపుడు జంతువులున్న వాళ్లను అడిగింది. 2017లో వచ్చిన ఆ అధ్యయనం ప్రకారం, తగ్గని జబ్బున్న జంతువును చూసుకునేవాళ్లలో ఒత్తిడి, ఆందోళన, దిగులు మిగతావాళ్లలో కన్నా ఎక్కువ. చుట్టాలకు అర్థం కాకపోయినా, మీరు పడుతున్నది నిజమైన కష్టమే.

అది బయటపడే తీరు రకరకాలుగా ఉంటుంది. ఫోన్ మోగితే ఉలిక్కిపడతారు. ఆఫీసులో ఉన్నా ధ్యాస ఇంటి మీదే ఉంటుంది. పిల్లల మీద ఊరికే అరుస్తారు. ఎవరితోనూ చెప్పుకోలేని ఆలోచన ఇంకొకటి ఉంది: ‘ఇది త్వరగా పోతే బాగుండు’. ఆ మాట మనసులో మెదలగానే గుండె గతుక్కుమంటుంది, నేనింత పాపిష్టిదాన్నా అనిపిస్తుంది. ఈ ఆలోచన చాలామందికి వస్తుంది, ప్రాణంగా చూసుకునేవాళ్లకు కూడా వస్తుంది. దాని బాధ, మీ అలసట రెండూ ఆగాలని మనసు కోరుకుంటోంది, అంతే.

మెట్టు 1: డాక్టర్ దగ్గర సూటిగా అడగండి

చాలామంది ఆస్పత్రి నుంచి మందుల చీటీతో వస్తారు, అసలు సంగతి తెలుసుకోకుండానే వస్తారు. భయంతో కొందరు అడగరు, హడావిడిలో కొందరు మర్చిపోతారు. అడగాల్సినవి కాగితం మీద రాసుకుని వెళ్లండి:

- ఇది పూర్తిగా నయమయ్యేదా, అదుపులో పెట్టుకునేదా, ముదిరిపోయేదా?
- దీనికి ఇప్పుడు నొప్పి ఉందా? నొప్పి ఉంటే ఇంట్లో నేను ఎలా గుర్తుపట్టాలి?
- ఏ లక్షణం కనిపిస్తే రాత్రయినా పరుగెత్తుకు రావాలి? ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగవచ్చు?
- మందు పనిచేస్తోందని ఎన్నాళ్లకు తెలుస్తుంది? పనిచేయకపోతే తర్వాత ఏం చేస్తాం?

మూడో ప్రశ్నకు వచ్చే జవాబు మీ టెన్షన్‌లో సగం తీసేస్తుంది. ఏది ప్రమాదమో తెలియనప్పుడు ప్రతి దగ్గూ ప్రమాదంలాగే కనిపిస్తుంది. తెలిస్తే, మిగతా వాటికి కళ్లు మూసుకుని పడుకోవచ్చు.

జబ్బును బట్టి వేచి చూడాల్సిన కాలం మారుతుంది. పార్వో (వాంతులు, విరేచనాలతో ప్రాణం మీదికి తెచ్చే వైరస్ జబ్బు) వచ్చిన కుక్కపిల్లకు సెలైన్, వాంతులు ఆపే మందులు పెట్టి మొదటి కొన్ని రోజులు గట్టెక్కిస్తే చాలావరకు కోలుకుంటుంది. అది తక్కువ రోజుల్లో తేలిపోయే పోరాటం. ముసలి కుక్కకు వచ్చిన కిడ్నీ జబ్బు నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి సాగుతుంది. మొదటిదానికి పెట్టిన వేగంతోనే రెండోదానికీ పరుగెడితే మీరు ముందు పడిపోతారు. ఏ రకం పోరాటంలో ఉన్నారో మొదటి వారంలోనే తెలుసుకోండి.

ఇంకో జాగ్రత్త. గాభరాలో మన జ్వరం గోళీలు, నొప్పి గోళీలు వేయకండి. పారాసెటమాల్ పిల్లి ప్రాణం తీస్తుంది. ఐబుప్రొఫెన్ కుక్కల కడుపునూ కిడ్నీలనూ పాడుచేస్తుంది.

మెట్టు 2: ఒక నోటుపుస్తకం పెట్టండి

ఎంత తింది, ఎన్ని నీళ్లు తాగింది, మూత్రం, విరేచనం, వాంతి, ఏ మందు ఎన్ని గంటలకు వేశారు అన్నవి రోజుకు అయిదారు ముక్కల్లో రాయండి. చివర్లో ఆ రోజు మంచిదో చెడ్డదో ఒక్క గుర్తు పెట్టండి. వాట్సాప్‌లో కుటుంబ గ్రూపులో పెట్టినా ఫర్వాలేదు, కానీ గోడకు వేలాడే క్యాలెండర్ అందరి కంటా పడుతుంది.

దీనివల్ల డాక్టర్‌కు ఉపయోగం ఉంటుందన్నది తెలిసిందే. మీకు కూడా ఉపయోగం ఉంది. జ్ఞాపకం నమ్మదగినది కాదు. నిన్న రాత్రి వాంతి చేసుకుంటే వారమంతా చెడ్డగా గడిచిందనిపిస్తుంది. పొద్దున తోక ఊపితే అంతా బాగైపోయిందనిపిస్తుంది. రాత ఉంటే ఈ ఊగిసలాట తగ్గుతుంది. ‘ఉదయం మందు వేశామా లేదా’ అని మొగుడూపెళ్లాలు గొడవపడటం కూడా తగ్గుతుంది.

మెట్టు 3: రాత్రులు పంచుకోండి

అన్నిటికన్నా ముందు మనిషిని విరగ్గొట్టేది నిద్రలేమి. కంటి మీద కునుకు లేకుండా రోజుల తరబడి గడిపినవాళ్లు చిన్న విషయానికి ఏడుస్తారు, మందు మోతాదు తప్పుతారు, తీసుకోకూడని నిర్ణయాలు తీసుకుంటారు.

ఇంట్లో ఇద్దరుంటే రాత్రిని రెండు ముక్కలు చేయండి: రెండు గంటలదాకా ఒకరు, ఆ తర్వాత ఇంకొకరు. తన వంతు కానివారు వేరే గదిలో తలుపు వేసుకుని పడుకోవాలి. ‘నాకు మెలకువ వస్తూనే ఉంది కదా, నేనే చూస్తాలే’ అనే త్యాగాలు వద్దు. ఇంట్లో ఎప్పుడూ ఒకరే, చాలాసార్లు అమ్మో, ఇంటి కోడలో, ఈ భారమంతా మోస్తుంటారు. మిగతావాళ్లు ‘ఎలా ఉంది?’ అని అడిగి వెళ్లిపోతారు. అలా అడిగేవాళ్లకు ఒక పని అప్పజెప్పండి. ‘సాయం చేయండి’ అంటే ఎవరూ కదలరు. ‘బాబాయ్, గురు, శని రాత్రుళ్లు పదింటి మందు నువ్వే వేయాలి’ అంటే వేస్తారు.

ఒంటరిగా ఉండేవాళ్లు మందు వేళలను నిద్రకు అడ్డం రాకుండా మార్చవచ్చేమో డాక్టర్‌ను అడగండి. చాలా మందులకు కుదురుతుంది. కదల్లేని కుక్కను కొన్ని గంటలకోసారి పక్క మార్చకపోతే పుండ్లు పడతాయి కాబట్టి, మెత్తటి మందపాటి పరుపు, కింద పరిచే ప్యాడ్లు కొంటే రాత్రి లేవాల్సిన సార్లు తగ్గుతాయి. డబ్బు పెట్టడానికి మొదటి చోటు ఇదే.

మెట్టు 4: మందు వేసే చేయి, ముద్ద పెట్టే చేయి వేరుగా ఉంచండి

ఎవరూ ముందుగా చెప్పని బాధ ఒకటుంది. రోజూ సిరంజితో నోట్లో మందు పోస్తూ, సూది గుచ్చుతూ ఉంటే, ఒకప్పుడు మీ అడుగుల చప్పుడుకే ఎగిరి గంతేసినది ఇప్పుడు మిమ్మల్ని చూసి మంచం కింద దూరుతుంది. ఆ చూపు గుండెను కోసేస్తుంది.

దీనికి కొన్ని ఉపాయాలున్నాయి. మందును ఎప్పుడూ ఒకే చోట వేయండి, అది పడుకునే చోట మాత్రం వద్దు. బాత్రూమ్ గట్టో, వంటింటి బల్లో మందు చోటు అయితే, మిగతా ఇల్లంతా దానికి భయం లేని చోటు అవుతుంది. మందు అయిన వెంటనే దానికి ఇష్టమైనది ఒక ముక్క పెట్టండి (డాక్టర్ వద్దన్నవి కానిది). రోజులో ఒక పావుగంట చేతిలో ఏ మందూ లేకుండా దాని పక్కన కూర్చోండి. దువ్వండి, మాట్లాడండి, లేదా ఊరికే టీవీ చూడండి. ఆ పావుగంట దానికెంత అవసరమో మీకూ అంతే అవసరం.

అన్నంలో మందు కలిపి మోసం చేయడం సులువే. కానీ కిడ్నీ జబ్బున్న పిల్లులు, కుక్కలు ఒకసారి అన్నంలో చేదు పసిగడితే ఆ అన్నాన్నే మానేస్తాయి. తిండి మానేస్తే మీ టెన్షన్ రెట్టింపవుతుంది. కలపాల్సివస్తే వేరే చిన్న ముద్దలో కలపండి, అసలు భోజనంలో వద్దు.

మెట్టు 5: డబ్బు గురించి జబ్బు ముదరకముందే మాట్లాడుకోండి

ప్రేమను రూపాయల్లో కొలవకూడదని అందరూ అంటారు. ఆస్పత్రి కౌంటర్ దగ్గర నిలబడినప్పుడు మాత్రం అదే కొలతగా మారిపోతుంది. స్కానింగ్‌కు వద్దంటే నేను ప్రేమించనట్టేనా అనిపిస్తుంది. ఆ క్షణంలో మంచి నిర్ణయం రాదు.

ఇంట్లో కూర్చుని తేల్చుకోండి: నెలకు ఎంత, మొత్తం మీద ఎంత, ఎక్కడ ఆగాలి. పిల్లల ఫీజు, ఇంటి అద్దె, ఈఎంఐ డబ్బును ముట్టుకోకూడదన్నది నా పట్టుదల. తర్వాత ఆ అంకె డాక్టర్‌కు చెప్పడానికి సిగ్గుపడకండి. ‘డాక్టర్‌గారూ, మేం ఇంతవరకే పెట్టగలం, ఇందులో దానికి ఎక్కువ మేలు చేసేది ఏది?’ అని అడిగితే, అన్ని పరీక్షలూ చేయించకుండా నొప్పి తగ్గించి హాయిగా ఉంచే దారి కూడా చాలా జబ్బులకు ఉంటుంది. ప్రైవేటు క్లినిక్‌లో తలకు మించినదైతే పశువైద్య కళాశాలల ఆస్పత్రులు ఉన్నాయి: హైదరాబాద్‌లో రాజేంద్రనగర్, ఆంధ్రలో తిరుపతి, గన్నవరం. రద్దీ ఉంటుంది, ఓపిక కావాలి, ఖర్చు మాత్రం చాలా తక్కువ.

మెట్టు 6: జనం మాటలకు ఒక జవాబు సిద్ధం చేసుకోండి

‘కుక్క కోసం ఇంత ఖర్చా?’, ‘ఇంట్లో ముసలాళ్లను ఇలా చూసుకుంటే పుణ్యం వచ్చేది’, ‘పోతే ఇంకోటి తెచ్చుకోవచ్చు కదా’. ఈ మాటలన్నీ వింటారు. వాదించి గెలవాలని చూడకండి, గెలవరు, ఉన్న ఓపిక కూడా పోతుంది. ‘మా ఇంట్లో మనిషిలాంటిదండీ’ అని ఒక్క వాక్యం చెప్పి మాట మార్చేయండి. నిజంగా చెప్పుకోవాలనిపిస్తే ఇలాంటి కష్టం పడినవాళ్లకే చెప్పుకోండి. వెటర్నరీ ఆస్పత్రిలో వంతు కోసం కూర్చున్న బల్ల మీద అలాంటివాళ్లు దొరుకుతారు.

మెట్టు 7: ‘ఇక చాలు’ అనే నిర్ణయం

అన్నిటికన్నా బరువైన ప్రశ్న ఇదే, అందుకే దీన్ని చివరి నిమిషానికి వదలకూడదు.

పశువుల క్యాన్సర్ వైద్యురాలు ఆలిస్ విల్లలోబోస్ 2004లో ఒక కొలత తయారుచేశారు. ఏడు విషయాలకు సున్నా నుంచి పది దాకా మార్కులు వేయాలి: నొప్పి లేకపోవడం, ఆకలి, ఒంట్లో తగినంత నీరు ఉండటం, శుభ్రత, సంతోషం, కదలిక, చెడ్డ రోజులకన్నా మంచి రోజులు ఎక్కువగా ఉండటం. ఊపిరి హాయిగా ఆడుతోందా అన్నది నొప్పి కిందే లెక్క. మొత్తం 35 దాటితే ఇంకా సేవ కొనసాగించవచ్చని ఆమె సూచన. వారానికోసారి ఇంట్లో ఇద్దరు విడివిడిగా, ఒకరిది ఒకరు చూడకుండా మార్కులు వేయండి. తేడా ఎక్కడ వచ్చిందో అక్కడే మాట్లాడుకోండి. సాధారణంగా సంతోషం దగ్గర వస్తుంది.

దీనికి తోడు, దానికి అన్నిటికన్నా ఇష్టమైన మూడు పనులు ఇప్పుడే రాసి పెట్టండి. గేటు దగ్గర కాపలా కూర్చోవడం, పెరుగన్నం, సాయంత్రం మేడ మీద తిరగడం, ఇలా ఏవైనా. మూడింటిలో రెండు ఆగిపోయినప్పుడు డాక్టర్‌తో కూర్చుని మాట్లాడాలి.

కారుణ్య మరణం గురించి ఇళ్లలో గొడవలవుతాయి. ‘ప్రాణం తీయడానికి మనమెవరం, దాని కర్మ అది పడనీ’ అని పెద్దవాళ్లు అంటారు. ఆ నమ్మకాన్ని చిన్నబుచ్చాల్సిన పనిలేదు. అయితే దానిని నమ్మే ఇంట్లో కూడా నొప్పి తగ్గించే మందులు చివరిదాకా ఇవ్వడం మానకూడదు. నయంకాని జబ్బుతో ఊపిరి అందక కొట్టుకుంటున్న జంతువుకు నిద్రలో విముక్తి ఇవ్వడం తప్పు కాదన్నది నా అభిప్రాయం.

ఆ నిర్ణయం దాకా వస్తే ఏం జరుగుతుందో ముందే తెలిసుంటే ఆ గంట తట్టుకోగలుగుతారు. అర్హత ఉన్న పశువైద్యుడే ఇది చేయాలి. మామూలుగా మొదట మత్తు ఇస్తారు. అది నిద్రలోకి జారాక, నరంలోకి మత్తుమందే మితిమీరిన మోతాదులో ఎక్కిస్తారు. కొద్దిసేపట్లోనే స్పృహ, ఊపిరి, గుండె ఆగిపోతాయి. కళ్లు తెరిచే ఉంటాయి. తర్వాత ఒకటి రెండు దీర్ఘమైన ఊపిరులు రావచ్చు, కండరాలు అదరవచ్చు, మూత్రం పోవచ్చు. అప్పటికి దానికి ఏమీ తెలియదు. ఇవి ముందే చెప్పకపోవడం వల్లే ‘తెలివిలో ఉండగానే చంపేశామా’ అని ఏళ్ల తరబడి కుమిలేవాళ్లున్నారు. గదిలో ఉండాలా వద్దా అన్నది మీ ఇష్టం. ఉండలేకపోతే, దానికి అలవాటున్న ఇంకొకరు దాని తల నిమురుతూ ఉంటే చాలు.

మెట్టు 8: ఆ తర్వాతి రోజులు

అంత్యక్రియ ఎక్కడ, ఎవరు చేస్తారు అన్నది ముందే మాట్లాడి పెట్టుకోండి. హైదరాబాద్‌లో ఫతుల్లాగూడలో పెంపుడు జంతువుల దహనవాటిక ఉంది. సొంత స్థలముంటే లోతుగా గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చాలి.

పిల్లలకు ‘నిద్రపోయింది’, ‘ఊరికి పంపించాం’ అని చెప్పకండి. మొదటిది విన్న పిల్లలు రాత్రి పడుకోవడానికి భయపడతారు, రెండోది విన్నవాళ్లు ఎదురుచూస్తారు. ‘జబ్బు ఎక్కువై చచ్చిపోయింది నాన్నా, ఇక రాదు’ అని చెప్పి, ఏడిస్తే ఏడవనివ్వండి.

పొద్దున మందు వేళకు మెలకువ వస్తుంది, చేయడానికి పనుండదు. నెలల తరబడి సేవ చేసినవాళ్లకు ఈ ఖాళీయే ఎక్కువ బాధిస్తుంది. దాంతోపాటు ఊరట కూడా కలుగుతుంది, ఆ ఊరటకు మళ్లీ సిగ్గు. రెండూ కలిసే వస్తాయి, సిగ్గుపడాల్సిందేమీ లేదు. మిగిలిన మందులు మీరు చూపించిన డాక్టర్‌కే ఇచ్చేయండి, ఇంకొకరికి పనికొస్తాయి.

వెంటనే ఇంకో కుక్కపిల్లను తేవాలనే తొందర మంచిది కాదు. పార్వోతో పోయిన ఇంట్లో అయితే అసలు వద్దు. ఆ వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది, టీకాల కోర్సు పూర్తికాని పిల్లను తెస్తే అదే నరకం మళ్లీ చూడాల్సి వస్తుంది.

వీధి కుక్కలను చూసుకునేవాళ్లకు

మీ కష్టం వేరు, ఎందుకంటే దానికి అంతు లేదు. ఒకదాన్ని బాగుచేసేసరికి ఇంకో ఫొటో ఫోన్‌కు వస్తుంది. అమెరికన్ మనస్తత్వవేత్త చార్లెస్ ఫిగ్లీ 1990లలో ప్రచారంలోకి తెచ్చిన ‘కంపాషన్ ఫెటీగ్’ అన్న మాట ఈ పరిస్థితికి సరిపోతుంది: ఇతరుల బాధను చూసీ చూసీ జాలిపడే శక్తే అడుగంటిపోవడం. ఒకప్పుడు ఏడ్చినవాళ్లు ఇప్పుడు రాయిలా చూస్తుంటే, లేదా మనుషులందరి మీదా కోపం పెంచుకుంటుంటే, ఆ దశకు వచ్చారన్నమాట.

హద్దు గీసుకోండి. ఇంట్లో ఒకేసారి ఎన్ని జబ్బు జంతువులు, నెలకు ఎంత ఖర్చు, ఏ వీధులు. నిండిపోతే ‘ఇప్పుడు నా దగ్గర చోటు లేదు’ అని చెప్పి, దగ్గరలో ఉన్న ఆస్పత్రి వివరాలు పంపండి. అంతకుమించి వివరణ అక్కర్లేదు. రాత్రి తొమ్మిది తర్వాత రెస్క్యూ గ్రూపులను మ్యూట్ చేయండి. డిస్టెంపర్ (కుక్కలకు వచ్చే ఒక వైరస్ జబ్బు) నరాలకెక్కి ఫిట్స్ వస్తున్న కుక్కను ఎంత చేసినా కాపాడలేకపోవచ్చు. దాన్ని మీ ఓటమిగా లెక్కేసుకోవద్దు.

ఒంటి సంగతి కూడా చూసుకోండి. డిస్టెంపర్, రేబిస్ ఒక్కోసారి చూడటానికి ఒకేలా ఉంటాయి. ఈ పని చేసేవాళ్లు ముందుజాగ్రత్త రేబిస్ టీకాలు వేయించుకోవాలి. కరిచినా, గీరినా, పుండు మీద చొంగ పడినా పావుగంట సబ్బుతో, ధారగా పడే నీళ్లతో కడిగి, ఆ రోజే ఆస్పత్రికి వెళ్లండి. ‘ఏమవుతుందో’ అని లోపల్లోపల నలగడం కన్నా సూది నయం.

పాడి రైతులకు

పట్నంలో కుక్క పోతే ఏడుస్తారు. పల్లెలో గేదె పోతే ఏడవడానికి కూడా తీరిక ఉండదు, ఎందుకంటే అప్పు, పాల డబ్బు, దూడ అన్నీ ఒకేసారి మీద పడతాయి. 2022లో లంపీ చర్మవ్యాధి దేశంలో ప్రబలినప్పుడు ఎన్నో ఇళ్లు దుఃఖం, నష్టం రెండు దెబ్బలూ కలిపి తిన్నాయి.

ముందు 1962కు ఫోన్ చేయండి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సంచార పశువైద్య వాహనాలు ఈ నంబరు మీదే వస్తాయి. ఈనిన ఒకటి రెండు రోజుల్లో గేదె కూలబడితే అది పాల జ్వరం కావచ్చు. సమయానికి నరంలోకి కాల్షియం ఎక్కిస్తే కొన్ని గంటల్లోనే లేచి నిలబడే పశువులు ఎన్నో. కాబట్టి డాక్టర్ చూడకముందే ఆశ వదిలేసుకుని కుమిలిపోవద్దు. బీమా ఉంటే, పశువు చనిపోయిన వెంటనే కంపెనీకీ డాక్టర్‌కీ చెప్పాలి. చెవి పోగు (ట్యాగు), ఫొటోలు, పోస్టుమార్టం కాగితం లేకుండా పూడ్చేస్తే డబ్బు రావడం కష్టం. ఏడుపు మధ్యలో ఈ పని చేయడం ఇబ్బందే, అందుకే అది పక్కింటివాళ్లకో, బావమరిదికో అప్పజెప్పండి.

మనిషి డాక్టర్ దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి

రెండు వారాలకు పైగా నిద్ర పట్టకపోయినా, తిండి సయించకపోయినా, పనికి వెళ్లలేకపోయినా, మందుకు బదులు మద్యం దగ్గరికి చేయి పోతున్నా ఆగకండి. చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా సరే, ఆ రోజే ఎవరికైనా చెప్పండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416, రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడవచ్చు. ‘కుక్క పోయిందని ఫోన్ చేస్తే నవ్వుతారేమో’ అనుకుని వెనకాడేవాళ్లున్నారు. అలాంటప్పుడు కుక్క సంగతితో మొదలుపెట్టనక్కర్లేదు. ‘నాకు నిద్ర పట్టడం లేదు, పని చేయలేకపోతున్నాను’ అని మొదలుపెట్టండి, మిగతావి వాళ్లే అడుగుతారు.